అటు మాట ఇటు, ఇటు మాట అటు

ఊళ్ళో అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేవాళ్ళను ఎవరూ మెచ్చుకోరు. "కొంపలు ముంచుతారు" అంటారు. కాని అదే పని చేసి మెప్పు పొందే మనిషి ఒకరున్నారు. ఆ మనిషి గైడు.

గైడు అంటే దారి చూపే మనిషి. గుడి, కోట, గుహలు చూడడానికి వచ్చినవాళ్ళను గైడు వెంటబెట్టుకుని తిప్పుతారు. అక్కడి చరిత్ర చెబుతారు. కాని దారి చూపడం సగం పనే. ఒక దేశం వాళ్ళ మాటా మర్యాదా ఇంకో దేశం వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం మిగిలిన సగం. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చాలి. కొంప మునగకూడదు. కలవాలి.

ఆ పని ఎట్లా ఉంటుందో ఈ కథలో చదవండి.

రామప్ప గుడి దగ్గర

ములుగు జిల్లాలో పాలంపేట అనే ఊరు ఉంది. అక్కడే రామప్ప గుడి. ఒక ఊరి చదువు కేంద్రం నుంచి పన్నెండుమంది ఆడవాళ్ళు ఆ గుడి చూడడానికి వచ్చారు. అందరూ ఈమధ్యనే చదవడం, రాయడం నేర్చుకున్నవాళ్ళు. అందరిలో పెద్దామె ఒక అవ్వ. ఆమెకు అరవై ఐదేళ్ళు దాటాయి.

గుడి దగ్గర ఒక గైడమ్మ ఎదురొచ్చింది. ఖద్దరు చీర కట్టుకుంది. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఆమె వెంట ఒక తెల్లామె, తెల్లాయన ఉన్నారు. భార్యాభర్తలు. ఫ్రాన్స్ దేశం నుంచి వచ్చారు.

"మీరూ మాతో రండి. అందరికీ కలిపి చెబుతాను. వాళ్ళకు ఇంగ్లీషులో చెబుతాను. మీకు మన మాటలో చెబుతాను" అంది గైడమ్మ.

"మా తాన పైసలు తక్కువున్నయి బిడ్డా" అంది అవ్వ.

"వాళ్ళు వింటున్నదే మీరూ వింటారు అవ్వా. మీకు వేరే పైసలెందుకు?" అంది గైడమ్మ నవ్వి.

నీళ్ళ దగ్గర వచ్చిన చిక్కు

ఎండ గట్టిగా ఉంది. తెల్లామె ముఖం ఎర్రబడింది. అవ్వకు జాలేసింది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. "దా బిడ్డా, తాగు" అని చేయి చాపింది.

తెల్లామె సీసా వంక చూసింది. చేయి అడ్డంగా ఊపింది. వెనక్కి ఒక అడుగు వేసింది.

అవ్వ చేయి అట్లాగే ఆగిపోయింది. సీసా మళ్ళీ సంచిలో పెట్టుకుంది. దూరంగా పోయి గోడ నీడన కూర్చుంది. చిన్నక్క వెనకాలే వెళ్ళింది.

"ఏందవ్వా, గట్ల కూసున్నవ్?"

"ఏం లేదు. నా చేతి నీళ్ళు తాగదంట. నా చిన్నప్పుడు మా ఊళ్ళె దొరల ఇంటికాడ నీళ్ళడిగితే ఎత్తు నుంచి దోసిట్ల పోసేటోళ్ళు. చెంబు ముట్టనిచ్చెటోళ్ళు కాదు. ఏడు సముద్రాలు దాటొచ్చిన మనిషి కూడ గట్లనే చేసింది."

ఆ మాట గైడమ్మ చెవిన పడింది. చరిత్ర చెప్పడం ఆపింది. అవ్వ పక్కన వచ్చి కూర్చుంది.

"అవ్వా, నీ బాధ నిజమే. అంటరానితనం మహా పాపం. మన రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. ఇప్పుడది నేరం. కాని ఈమె వద్దన్నది దాని గురించి కాదు. ఆమెకు నీ కులం తెల్వదు. ఆమెకు భయం నీళ్ళంటే."

"నీళ్ళంటే భయమేంది?"

"నువ్వు పట్నం పోయి కొత్త నీళ్ళు తాగితే కడుపు పట్టదు కదా? వాళ్ళకూ అంతే. మన నీళ్ళకు వాళ్ళ కడుపు అలవాటు పడలేదు. విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే బయలుదేరేముందే వాళ్ళ డాక్టర్లు చెప్పి పంపుతారు. మూత సీలు తీయని సీసా నీళ్ళే తాగాలి. లేదా కాచిన నీళ్ళు తాగాలి. పండు తింటే తొక్క ఒలుచుకుని తినాలి."

అవ్వ ఏమీ అనలేదు. గైడమ్మ లేచి తెల్లామె దగ్గరకు వెళ్ళింది. ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది.

"అమ్మా, మీరు చేసింది తప్పు కాదు. కాని ఒక సంగతి తెలుసుకోండి. మా దేశంలో కొందరి చేతి నీళ్ళు తాగకుండా వాళ్ళను తరతరాలుగా అవమానించారు. ఈ అవ్వ అది అనుభవించింది. ఇక్కడ నీళ్ళు ఇవ్వడం ప్రేమ. వద్దనేటప్పుడు రెండు చేతులు జోడించి, చిన్నగా నవ్వి, కారణం చెప్పాలి."

తెల్లామె ముఖం చిన్నబోయింది. నేరుగా అవ్వ దగ్గరకు వచ్చింది. రెండు చేతులు జోడించింది. పొట్ట మీద చేయి పెట్టుకుని, నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టి చూపించింది.

అవ్వకు నవ్వొచ్చింది. "గైడమ్మా, అరటిపండు తింటదా? తొక్కలుంటయి గద!" అంది. గుడిలోకని కొన్న పండ్లలోంచి ఒకటి తీసిచ్చింది.

తెల్లామె పండు తీసుకుంది. తొక్క ఒలిచింది. సగానికి తుంచి ఒక ముక్క అవ్వకు ఇచ్చింది. ఇద్దరూ ఒకే పండు తిన్నారు.

గైడమ్మ చేసిన పని ఏమిటి? ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. ఇటు కడుపు సంగతి చెప్పింది. అటు మనసు సంగతి చెప్పింది. ఆమె మాట్లాడకపోతే ఏమయ్యేది? తెల్లామెకు ఏమీ తెలియకుండానే పోయేది. అవ్వ మాత్రం ఆ ముల్లు గుండెలో పెట్టుకుని ఇంటికి పోయేది.

తల ఊపితే ఏమని అర్థం?

కొంచెంసేపటికి తెల్లాయన కెమెరా ఎత్తాడు. చిన్నక్క చటుక్కున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"అడగకుండా ఫొటో తీయకూడదు. ఆమె సరేనంటేనే తీయాలి" అని గైడమ్మ ఆయనకు చెప్పింది. ఆయన కెమెరా దించాడు. కెమెరా చూపించి, "తీయనా?" అన్నట్టు సైగ చేశాడు.

చిన్నక్క సరేనని తల అటూ ఇటూ ఊపింది. ఆయన కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు.

"అయ్యో, నేను సరేనంటి గద!" అంది చిన్నక్క.

గైడమ్మ పకపకా నవ్వింది. "మనం సరేననడానికి తల ఇట్లా ఆడిస్తాం. వాళ్ళ దేశంలో తల అడ్డంగా ఊపితే వద్దని అర్థం. అవునంటే తల కిందికీ పైకీ ఊపుతారు. నువ్వు సరేనన్నావు. ఆయనకు వద్దని వినిపించింది" అంది. ఆ సంగతి ఆయనకూ చెప్పింది. అందరూ నవ్వారు. ఫొటో తీయడం అయ్యింది.

తలలోనే ఇంత తిరకాసు ఉంది. బల్గేరియా అనే దేశంలో తల కిందికీ పైకీ ఊపితే "కాదు" అని అర్థం. అడ్డంగా ఊపితే "అవును" అని. మనిషి తల అన్నిచోట్లా ఒకటే. అది చెప్పే మాట వేరు.

అడగదగిన మాట, అడగరాని మాట

ఆడవాళ్ళకు ధైర్యం వచ్చింది. తెల్లామె చుట్టూ చేరారు.

"పిల్లలెంతమంది అని అడుగు గైడమ్మా" అంది ఒకామె. "జీతమెంతో కూడ అడుగు" అంది ఇంకొకామె.

గైడమ్మ ఒక నిమిషం ఆగింది. "అక్కా, మన ఊళ్ళో ఈ మాటలు అయినవాళ్ళలాగా అడుగుతాం. పలకరింపు అనుకుంటాం. వాళ్ళ దేశంలో ఇవి సొంత సంగతులు. కొత్తవాళ్ళు అడగరు. పిల్లలు లేకపోతే ఆమె మనసు నొచ్చుకోవచ్చు. మన ఊళ్ళో మాత్రం పిల్లలు లేని ఆడదాన్ని ఆ మాట అడిగితే నొప్పి కాదా?"

ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళలో ఒకామెకు పిల్లలు లేరు. ఆమె తల వంచుకుంది.

"అయితే ఏమడగాలె?" అంది అవ్వ.

"మీ ఊళ్ళో ఏం పండిస్తారు? ప్రయాణం ఎట్లా జరిగింది? ఇక్కడ ఏది నచ్చింది? ఇట్లా అడగవచ్చు."

అవ్వ పంటల గురించి అడిగింది. తెల్లామె ముఖం వెలిగింది. వాళ్ళ ఊరిచుట్టూ ద్రాక్షతోటలు ఉన్నాయని చెప్పింది. కూలి మనుషులు వంగి వంగి ద్రాక్ష కోస్తారని, నడుము నొప్పి పుడుతుందని చెప్పింది. "మాకు వరినాట్లకు వచ్చే నొప్పే!" అన్నారు ఆడవాళ్ళు.

ఇక్కడ ఒకటి గమనించండి. గైడమ్మ అబద్ధం చెప్పలేదు. ఒక మాట అడగమంటే ఇంకో మాట అడిగి ఊరుకోలేదు. ఎందుకు అడగరాదో ముందు చెప్పింది. నడుమ నిలబడే మనిషికి నిజాయితీ ముఖ్యం. ఇద్దరికీ భాష తెలియదు కదా అని మాట మార్చితే అది మోసం.

ఒకే గుడి, రెండు ఉపమానాలు

తరువాత గైడమ్మ గుడి కథ చెప్పింది.

కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర రేచర్ల రుద్రుడు సేనాని. ఆయన ఈ గుడి కట్టించాడు. 1213లో పని మొదలైంది. దాదాపు 40 ఏళ్ళు సాగిందని చెబుతారు. గుడి అసలు పేరు రుద్రేశ్వరాలయం. రామప్ప అనే శిల్పి పేరు మీద రామప్ప గుడి అయ్యిందని అంటారు. 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. అంటే ఇది ప్రపంచంలోని మనుషులందరి ఆస్తి. కాపాడే బాధ్యత కూడా అందరిదీ.

1213 అంటే తెల్లవాళ్ళకు ఎట్లా గుర్తుంటుంది? గైడమ్మ వాళ్ళతో ఇట్లా చెప్పింది: "మీ పారిస్ నగరంలో నోత్రదామ్ చర్చి ఉంది కదా? దాన్ని 1163లో మొదలుపెట్టారు. ఇక్కడ ఈ గుడికి రాళ్ళు చెక్కేటప్పుడు అక్కడ మీ చర్చికి కూడా రాళ్ళు చెక్కుతున్నారు."

ఇద్దరూ నోరు తెరిచి విన్నారు. ఆ చర్చి 2019లో కాలిపోయింది. బాగుచేసి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. అది కాలిన రోజు తాము ఏడ్చామని తెల్లామె చెప్పింది. ఆ మాట తెలుగులో విని అవ్వ కళ్ళు తుడుచుకుంది. "గుడైతేంది, చర్చైతేంది. చేసిన చేతులు యాదికొస్తయి" అంది.

ఆడవాళ్ళకు గైడమ్మ ఇంకో తీరుగా చెప్పింది.

"గోపురానికి వాడిన ఇటుకలు తేలికైనవి. లోపల సన్నని రంధ్రాలుంటాయి. ఎండిన సొరకాయ బుర్ర నీళ్ళలో తేలినట్టు తేలుతాయి. అందుకే గుడి మీద బరువు తక్కువ పడింది. ఇక పునాది. గుంట తవ్వి ఇసుక నింపారు. దాని మీద గుడి కట్టారు. బండ మీద కుండ పెడితే కదులుతుంది. ఇసుకలో పెడితే కుదురుగా కూర్చుంటుంది కదా. అట్లా అన్నమాట."

"మా కుండల ముచ్చటే చెప్పినవ్!" అన్నారు ఆడవాళ్ళు.

సంగతి ఒకటే. వినేవాళ్ళకు తెలిసిన దానితో పోల్చి చెప్పాలి. అప్పుడే తెలియనిది తెలుస్తుంది. మంచి గైడు వచ్చినవాళ్ళను ముందు నాలుగు మాటలు అడుగుతారు. ఎక్కడివాళ్ళు? ఏం పని చేస్తారు? ఏం చూడాలనుకుంటున్నారు? అది తెలుసుకుని తరువాత చెప్పడం మొదలుపెడతారు.

ఎందుకో చెప్పాలి

గుడిలోకి వెళ్ళేముందు చెప్పులు విప్పాలి. "విప్పండి" అని గద్దిస్తే కొత్తవాళ్ళకు అవమానంగా ఉంటుంది. గైడమ్మ ఇట్లా చెప్పింది: "ఇక్కడ ఇప్పటికీ పూజలు జరుగుతాయి. ఇది దేవుడి ఇల్లు. మా ఇళ్ళలోకి కూడా చెప్పులతో పోము. ఎండకు బండ కాలుతుంది. సాక్సులు ఉంచుకోండి." వాళ్ళు సంతోషంగా విప్పారు.

కారణం చెబితే కట్టుబాటు బరువనిపించదు. కారణం చెప్పకపోతే అది పెత్తనం అనిపిస్తుంది.

నోరు మాట్లాడని మాటలు

ఎడ్వర్డ్ హాల్ అని ఒక అమెరికా పండితుడు ఉండేవాడు. ఆయన 1959లో ఒక పుస్తకం రాశాడు. మనుషులు నోటితోనే మాట్లాడరని అందులో చెప్పాడు. చూపు, సైగ, నిలబడే దూరం, వేళ పాటించడం, ఇవన్నీ మాటలేనని అన్నాడు. ఆ మాటలు ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటాయి.

దూరం సంగతే చూడండి. అమెరికా వాళ్ళు ఒకటిన్నర అడుగు లోపలికి అయినవాళ్ళనే రానిస్తారని ఆయన లెక్క కట్టాడు. ఒకటిన్నర అడుగు అంటే మన మూరెడు. మనం బస్సులో, జాతరలో ఒకరినొకరు ఆనుకుని నిలబడతాం. తప్పనుకోము. వాళ్ళకు ఊపిరాడనట్టు ఉంటుంది. అందుకే మంచి గైడు మూరెడు కంటె ఎడంగా నిలబడి మాట్లాడతారు.

ఇట్లాంటివి ఇంకొన్ని:

థాయిలాండ్ వాళ్ళు తలను పవిత్రంగా చూస్తారు. ముద్దొచ్చినా వాళ్ళ పిల్లల తల నిమరకూడదు.

జపాన్ వాళ్ళు ఒంగి నమస్కరిస్తారు. వస్తువును రెండు చేతులతో ఇస్తే మర్యాద అనుకుంటారు.

ముస్లింలు పందిమాంసం తినరు. జైనులు ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఆలుగడ్డ కూడా తినరు. భోజనం చెప్పేముందు అడగాలి.

అమెరికా వాళ్ళు తేదీ రాస్తే ముందు నెల వేస్తారు. 4/5 అంటే మనకు మే 4. వాళ్ళకు ఏప్రిల్ 5. అందుకే నెల పేరు అక్షరాలతో రాయడం మంచిది.

కాని ఒక జాగ్రత్త. ఒక దేశం వాళ్ళంతా ఒక్కలాగా ఉండరు. మన ఊళ్ళో అందరూ ఒక్కలాగా ఉన్నారా? తెలిసింది గుర్తుపెట్టుకోవాలి. అయినా ఎదుటి మనిషిని అడిగి తెలుసుకోవాలి.

ఈ పని ఆడవాళ్ళు చేయగలరా?

తిరిగి వచ్చేటప్పుడు చిన్నక్క అడిగింది. "గైడమ్మా, ఈ పని మా పిల్లలు నేర్వచ్చా?"

"ఎందుకు నేర్వకూడదు? చరిత్ర చదవాలి. ఒకటి రెండు భాషలు నేర్వాలి. శిక్షణ పొంది గుర్తింపు కార్డు తీసుకోవాలి. పర్యాటక చదువుల కోసం కేంద్ర ప్రభుత్వం 1983లో ఒక సంస్థ పెట్టింది. గ్వాలియర్‌లో దాని ముఖ్య కేంద్రం ఉంది. నెల్లూరులో కూడా ఒక కేంద్రం ఉంది. 1990 నుంచి ఫిబ్రవరి 21ని గైడ్ల దినంగా జరుపుతున్నారు. పేరున్న పనే."

"కష్టం లేదా?"

"ఉంది. ఎండల నిలబడాలి. అరిచి చెప్పాలి. కొందరు ఆడమనిషి గైడేంది అని నవ్వుతారు. కమీషన్ ఇస్తం, మా దుకాణానికే తీసుకురా అని కొందరు ఆశ పెడతారు. ఆశ పడితే వచ్చినవాళ్ళు మోసపోతారు. మళ్ళీ రారు. ఇంకొకరిని రానివ్వరు. నమ్మకం పోయిన గైడుకు పని ఉండదు."

అవ్వ చదివిన పేరు

బయటకు వచ్చేచోట ఒక బోర్డు ఉంది. అవ్వ దాని ముందు ఆగింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "రా... మ... ప్ప." ఒత్తు దగ్గర కొంచెం తడబడింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

తెల్లాయన చేతిగడియారం చూసుకున్నాడు. గైడమ్మ ఆయన వైపు తిరిగి మెల్లగా చెప్పింది: "ఒక్క నిమిషం. ఈమె పోయిన ఏడాదే చదవడం నేర్చుకుంది. ఇంతవరకు ఏ గుడి పేరూ తనంతట తాను చదవలేదు."

తెల్లాయన గడియారం మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. అవ్వ చదవడం అయ్యేదాకా ఇద్దరూ నిలబడ్డారు. తరువాత తెల్లామె అదే బోర్డు మీది తెలుగు అక్షరం ఒకటి చూపించింది. "ఇదేమిటి?" అని సైగ చేసింది.

"రా" అంది అవ్వ.

"రా" అంది తెల్లామె.

అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చడానికి ఈసారి గైడమ్మ అవసరం రాలేదు. ఆమె పక్కన నిలబడి చూసింది.

కొత్త మాటలు

పర్యాటకులు: ఊళ్ళు, గుళ్ళు, కోటలు చూడడానికి వచ్చేవాళ్ళు
వారసత్వ సంపద: పెద్దలు మనకు విడిచిపోయిన ఆస్తి
అధికరణం: రాజ్యాంగంలోని ఒక భాగం
ఉపమానం: పోలిక
కట్టుబాటు: అందరూ పాటించే నియమం

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. తెల్లామె నీళ్ళు వద్దన్నప్పుడు అవ్వ ఏమనుకుంది? ఎందుకు అట్లా అనుకుంది?
2. గైడమ్మ ఇద్దరికీ ఏమి చెప్పింది? ఒక్కరికే చెప్పి ఉంటే ఏమయ్యేది?
3. మీ ఊరికి కొత్త కోడలు వస్తుంది. వేరే రాష్ట్రం నుంచి కూలీలు వస్తారు. వాళ్ళకు మన మాట, మన పద్ధతి ఎవరు చెబుతారు? వాళ్ళ పద్ధతి మనకు ఎవరు చెబుతారు?
4. కొత్తవాళ్ళను మనం అడిగే మాటల్లో వాళ్ళను నొప్పించేవి ఏవి?

రాయండి

మీ ఊళ్ళో చూడదగిన చోటు ఒకటి ఎంచుకోండి. గుడి కావచ్చు, దర్గా కావచ్చు, చెరువు కావచ్చు. అక్కడికి వచ్చిన కొత్త మనిషికి మీరు ఏమి చెబుతారో ఐదు వాక్యాలలో రాయండి.